బండి వేడెక్కే వేళ

మా మామయ్య లెక్కలో ఇంజను కూడా మనిషే. పొద్దున్నే లేవగానే దాన్ని ఉరికించకూడదు. కాసేపు కూర్చోబెట్టాలి, ఒళ్లు వేడెక్కనివ్వాలి, అప్పుడు పని చెప్పాలి. "నిద్ర లేపంగనే ఉరుకుమంటే నువ్వు ఉరుకుతవా బిడ్డా?" అని నన్నే అడిగేవాడు. ఉరకను కదా మరి! ఇంజన్ల గురించి జనం చెప్పుకునే అబద్ధాలన్నీ ఇట్లాగే ఉంటాయి. వినగానే నిజమే కదా అనిపిస్తుంది, ఎదురు మాట తోచదు.

ఆయన ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ లారీ నడిపాడు. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఎత్తుకుని ఎక్కడెక్కడికో పోయేవాడు. చూపు మందగించి స్టీరింగు వదిలేశాకే ఇంటిపట్టున ఉండడం మొదలైంది. నేను ఈ ఇంటి కోడలిని, కోదాడ పిల్లను, సూర్యాపేటలో ఆఫీసు ఉద్యోగం. బస్సుల్లో నిలబడి నిలబడి నడుం పోతోందని పోరగా పోరగా మావారు ఒక పాత డీజిలు కారు కొన్నారు. ఆయనకు డ్రైవింగు రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. బజార్లో విత్తనాల దుకాణం ఉంది, అక్కడికి మోటారు సైకిలు చాలు. కాబట్టి కారు నడిపేది నేను, దాని ఆలనాపాలనా మామయ్య. చూపు తగ్గితేనేం, చెవులు ఉన్నాయి కదా అనేవాడు.

మా ఇంటి పక్క సందుకు మూడు వైపులా గోడలు, పైన రేకులు, ముందు ఇనుప గేటు. కారు అందులో ఉంటుంది. నేను జడ వేసుకునే వేళకు మామయ్య లుంగీ ఎగగట్టుకుని వెళ్లి స్టార్ట్ చేసేవాడు. ఇక చూడాలి ఆ మర్యాదలు! బానెట్ ఎత్తి గుడ్డతో తుడవడం, ఒంగి చెవి పెట్టి వినడం, మధ్యమధ్య లోపల కూర్చుని గుర్రుగుర్రుమనిపించడం. నేను టిఫిన్ డబ్బా, బ్యాగు పట్టుకుని గుమ్మంలో నిలబడేదాన్ని. "మామయ్యా, టైమవుతోంది" అంటే, "ఆగు బిడ్డా, జర వేడి కానియ్యి, నీకే మంచిది" అనేవాడు. పావుగంటకు తక్కువ ఎప్పుడూ కాలేదు.

ఆయన్ని తీసిపారేయడానికి లేదు. ఆ కాలపు లారీకి బ్రేకులు పడాలంటే ట్యాంకులో గాలి నిండాలి, గాలి నిండాలంటే ఇంజను కొంతసేపు తిరగాలి. చలికాలం తెల్లవారుజామున వేడెక్కని పాత ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయేది. అప్పుడది పనే, చాదస్తం కాదు. లారీ పోయింది, అలవాటు మిగిలింది. పైగా ఇంట్లో ఆయనకు అప్పగించిన పని అదొక్కటే. అది తెలిసే నేను పళ్లు బిగపట్టి ఊరుకునేదాన్ని. నా నోట్లో నువ్వుగింజ నానదు, అయినా ఊరుకున్నానంటే ఆలోచించండి.

రోడ్డు మీద చాయ్ హోటల్ బెంచీ ఉంది. పాత డ్రైవర్ల సభ అక్కడే. ఒక్కొక్కరిది ఒక్కో వైద్యం. పొద్దు పొడవక ముందు కొట్టిస్తే డీజిలు చిక్కగా ఉంటుందని ఒకరు, హైవే మీద అమ్మే సీసా మందు ఒక మూత పోస్తే బండి గుర్రమవుతుందని ఇంకొకరు. పెట్రోలు బండికైతే కలరా ఉండలు వేయాలట. బీరువాలో చీరల మధ్య వేసుకునే ఉండలండీ! దిగుడు రోడ్డులో న్యూట్రల్ చేసుకుంటే మైలేజీ అని మరొకాయన. మామయ్య అన్నీ విని, కొన్ని ఇంటికి తెచ్చేవాడు. ఒక ఆదివారం మేం కోదాడ బయల్దేరబోతుంటే ఇంజనులో ఎయిర్ ఫిల్టర్ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ముక్కుకు బట్ట కట్టుకొని ఎవడన్న ఉరుకుతడా? ఇది తీసేస్తే ఊపిరి మంచిగ ఆడుతది, పికప్ నువ్వే సూడు" అన్నాడు.

"నేరేడుచర్ల దారంతా వడ్ల దుమ్ము మామయ్యా! మీరైతే ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుంటారు, అది ఏం పెట్టుకుంటుంది?" అన్నాను.

అత్తయ్య గుమ్మంలో కూర్చుని పకపకా నవ్వింది. "కోదాడ పిల్లకు నోరెక్కువ. ఏమయ్యా, పెట్టరాదు అది మళ్ల దాంట్లె" అంది. పెట్టాడు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి, అత్తయ్య మాటకు మాత్రం ఎప్పుడో ఒకసారి నాలుగో కాలు ఒప్పుకునేవాడు.

ఆ నవ్వు మధ్యలోనే దగ్గు తెర వచ్చి అత్తయ్య గోడ పట్టుకుంది.

అప్పటికి చాలాకాలంగా ఉంది ఆ దగ్గు. పొద్దున్నే మొదలయ్యేది. మంచం అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చునేది. భుజాలు పైకి లేచేవి, గొంతులోంచి సన్నగా ఈల వచ్చేది. దిండు కింద ఇన్‌హేలర్ కోసం తడుముకుంటుంటే నేనే వెతికి చేతిలో పెట్టేదాన్ని. ఎన్నోసార్లు ఆఫీసులో కూర్చుని, ఫోను మోగితే చాలు, ఇంటి నుంచేమోనని చేతిలో పని వదిలేసి అందుకునేదాన్ని. ఆమె నాకు అత్తే గానీ, నేను ఇంటికొచ్చేసరికి వేడివేడిగా అన్నం పెట్టి, ఆఫీసులో ఎవరితో పోట్లాడావే అని ఆశగా అడిగే మనిషి ఆమె ఒక్కతే.

కారణం ఏమిటో ఊరంతటికీ తెలుసు. మిల్లు. మా సందు వెనకే ఉంది. మిద్దె మీద తెల్లబట్ట ఆరేస్తే సాయంత్రానికి నల్ల చుక్కలు పడతాయి. మిర్యాలగూడలో దగ్గొచ్చినా మిల్లే, కళ్లు మండినా మిల్లే, జుట్టు రాలినా మిల్లే. డాక్టరు అడిగాడు: కట్టెల పొయ్యి ఉందా? లేదు. ఇంట్లో బీడీ, సిగరెట్టు? లేవు. మిల్లు? ఉంది. "ఇంకేం గావాలమ్మా" అన్నాడు. కిటికీలు మూసి ఉంచమన్నాడు. వీలైతే కొన్నాళ్లు వేరే ఊళ్లో ఉంచి చూడమన్నాడు. ఆ రోజు నుంచి పడుకునే ముందు అత్తయ్య గది కిటికీ నేనే మూసి గొళ్లెం పెట్టేదాన్ని. ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ, పక్క సందులోకి.

కోదాడ పక్కన అనంతగిరిలో మా వదినను, మావారి అక్కను, ఇచ్చారు. చుట్టూ పొలాలు, మంచి గాలి. అత్తయ్యను అక్కడ దింపి వచ్చాం. ఫోను చేస్తే దగ్గు లేదంది, మెట్లెక్కి బట్టలు ఆరేస్తున్నానంది. ఇంటిమీద బెంగ పెట్టుకుని తిరిగొచ్చింది, మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆ ఈల. ఇంకేం, తీర్పు అయిపోయింది. మావారూ వదినా ఫోనులో మాట్లాడుకుని అమ్మ ఇక అనంతగిరిలోనే ఉంటుందని ఖాయం చేశారు. కొన్నాళ్లకు కాదు, మొత్తానికి.

మరి మామయ్యో? "నేనొస్తనా? బిడ్డింట్ల మకాం పెట్టి అల్లుని అన్నం తింటనా? మంచి మాటే" అన్నాడు. మా వైపు ఆ తరం మగవాళ్లకు అది పెద్ద పట్టింపు. పండక్కి పోయి ఒక పూట తిని బస్సెక్కుతారు గానీ కూతురింట్లో మంచం వేసుకోరు. మావారు చెప్పారు, వదిన ఏడ్చింది, నేను దెబ్బలాడాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అంటే ఇక ఆమె అక్కడ, ఈయన ఇక్కడ. అత్తయ్య కాదనలేదు, ఔననలేదు. "ఎప్పుడు పంపుతరు?" అని మాత్రం అడిగింది. ఆ మాట నన్ను కోసేసింది. పెళ్లయిన నాటి నుంచి లారీ దారి చూస్తూ బతికిన మనిషి. ఆయన ఇంటిపట్టున ఉన్న ఈ కొద్ది కాలమే వాళ్ల కాపురం. దాన్ని కూడా విడగొట్టి పొలాల గాలి పీల్చుకోమంటున్నాం.

ఈలోగా కారు కూడా జబ్బు పడింది. పికప్ పోయింది. సూర్యాపేట దారిలో వడ్ల ట్రాక్టరును దాటబోతే ఆయాసపడేది, వెనక నల్లటి పొగ. మామయ్యకు చెబితే ముఖం గంభీరంగా పెట్టి, "చలి గదా. ఇంక జర ఎక్కువసేపు వేడి జెయ్యాలె" అన్నాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు! పావుగంట కాస్తా అరగంట అయింది. అత్తయ్య దగ్గు కూడా ఆ చలికాలం ఎక్కువైంది. కొత్త వడ్లు వచ్చాయి, మిల్లు రాత్రింబగళ్లు ఆడుతోంది, కాక ఏమవుతుంది అనుకున్నాం.

చివరికి ఒకరోజు మీటరులో పసుపు లైటు వెలిగి, సూర్యాపేట పొలిమేరల్లో కారు ఎడ్లబండి కన్నా నెమ్మదైంది. ఎట్లాగో షెడ్డుకు చేర్చాను. మెకానిక్ విప్పి చూసి, "రోజూ స్టార్ట్ జేసి అట్లనే నిలవెడ్తరా మేడం? లోపల అంత మసే" అన్నాడు. ఈ ఇంజన్లకు అంత తతంగం అక్కర్లేదట. స్టార్ట్ చేసి, కాస్త కుదురుకోగానే మెల్లగా పోనిస్తే నడుస్తూ నడుస్తూనే వేడెక్కుతుందట. ఉత్తగా నిలబెట్టి తిప్పితే మసి పడుతుందట. బాగానే ఉంది కదా అని నేను తలూపుతుంటే, అదే నోటితో, "ఓ పైపు బంద్ జేస్తే బండి ఉరుకుతది, జెయ్యాల్నా?" అన్నాడు. ఒక అబద్ధం లాక్కుని ఇంకో అబద్ధం చేతిలో పెడుతున్నాడు. ఏ పైపూ ముట్టుకోవద్దని చెప్పి వచ్చేశాను. సామాను హైదరాబాదు నుంచి రావాలి, అందాకా కారు షెడ్డులో, నేను బస్సులో.

ఆ మర్నాడు పొద్దున్న వంటింట్లో ఉండగా ఏదో తేడాగా తోచింది. ఏమిటా అనుకుంటుండగా తట్టింది. దగ్గు వినిపించడం లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో గరిట అట్లాగే పట్టుకుని అత్తయ్య గదిలోకి పరుగెత్తాను. ఆమె మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. "ఏందే, దయ్యాన్ని సూసినట్టు సూస్తున్నవ్?" అంది.

తర్వాతి రోజూ అంతే. ఆ తర్వాతా అంతే. మిల్లు మాత్రం ఆగలేదు, మిద్దె మీద బట్టల మీద నల్ల చుక్కలూ ఆగలేదు. కొత్త మందు పనిచేస్తోందని మావారు. పొద్దున్నే వేడినీళ్లు తాగమని తనే చెప్పానని మామయ్య. నాకూ ఏమీ వెలగలేదు, దేవుడి దయ అనుకున్నాను. ఒకటి మాత్రం గమనించాను. ఊపిరి బాగా ఆడుతున్నా అత్తయ్య ముఖంలో కళ లేదు. పొద్దున్నే కిటికీ వైపు తిరిగి ఊరికే కూర్చునేది. ప్రయాణం దిగులు అనుకున్నాను. మందు పనిచేస్తోంది కదా, ఆగుదాం అంటే మావారు వినలేదు. "ఇయ్యాల మంచిగున్నది, రేపు మళ్ల వస్తే?" అన్నారు. ఆదివారానికి ప్రయాణం ఖాయమైంది. శనివారం సాయంత్రం నేను బాగైన కారు తెచ్చుకున్నాను. మెకానిక్ చెప్పిందంతా మామయ్యకు చెప్పాను. "వాడు నిన్నగాక మొన్న పుట్టిండు" అని కొట్టిపారేశాడు.

ఆదివారం పొద్దున్న. అత్తయ్య చీరల సంచి గుమ్మం పక్కన ఉంది. దారిలో తినడానికి నేను పులిహోర కలుపుతున్నాను. బయట కారు స్టార్టయింది. భార్యను పంపే బండి కదా, మామయ్య ఇంకా శ్రద్ధగా వేడి చేస్తున్నాడు. గుర్రు, గుర్రు. కొంతసేపటికి గదిలోంచి దగ్గు. దాని వెనకే ఆ ఈల.

అప్పుడు వెలిగింది నాకు. ఛీ, ఇన్నాళ్లూ ఎక్కడికి పోయింది ఈ బుద్ధి!

పసుపు చేతులతోనే బయటికి ఉరికాను. డోరు తీసి ఇంజను ఆపేసి తాళం చెవి లాక్కున్నాను. "చాలు మామయ్యా! ఇక చాలు!"

"ఏందమ్మా ఇది? ఇంక వేడి కాలే."

"అత్తయ్య ఊపిరి తీసింది మిల్లు కాదు, ఇది! కారు షెడ్డులో ఉన్నన్నాళ్లు ఒక్క దగ్గు విన్నారా మీరు? మిల్లు ఆడలేదా? ఆడింది. ఇంట్లో లేనిదల్లా ఈ కారే. అనంతగిరిలో లేనిదీ ఈ కారే. ఈ పొగ ఈ మూడు గోడల మధ్య నిలబడి ఎటు పోతుంది, ఆ గదిలోకి కాక?"

అరిచానేమో, మావారు బ్రష్ నోట్లో పెట్టుకునే వచ్చేశారు. మామయ్య ముఖం పాలిపోయింది. చేతిలో గుడ్డను మడతపెడుతూ, విప్పుతూ నిలబడ్డాడు. తప్పు చేసిన మనిషిలా లేడు, రోడ్డు మధ్యలో దారి తప్పిన మనిషిలా ఉన్నాడు. కానీ అంత తేలిగ్గా ఒప్పుకుంటే ఆయన మా మామయ్య ఎందుకవుతాడు?

"పొగ ఎట్ల వోతది? కిటికీ బంద్ ఉంటది గద. రోజూ నువ్వే గొళ్లెం పెడ్తవ్. మూసిన కిటికీల నుంచి పొగ పోతదా?" అన్నాడు.

నిజమే. నిన్న పడుకునే ముందు కూడా పెట్టాను. ముగ్గురం గదిలోకి వెళ్లాం.

కిటికీ బార్లా తెరిచి ఉంది. దాని పక్కనే స్టూలు వేసుకుని అత్తయ్య కూర్చుంది, చేతిలో ఇన్‌హేలర్. గదంతా కమురు వాసన. మమ్మల్ని చూసి చప్పున కిటికీ రెక్క మీద చెయ్యి వేసింది గానీ మూయలేదు. ఇక మూసి ఏం లాభం అనుకుందేమో.

"ఎవలు తీసిన్రు ఇది?" అన్నాడు మామయ్య.

"నేనే. రోజూ నేనే తీస్త. మళ్ల నేనే పెడ్త."

"డాక్టరు సెప్పలేదానే? మిల్లు దుమ్మొస్తది, బంద్ వెట్టుమని సెప్పలేదా? పానం మీద తీపి లేదా నీకు?" ఆయన గొంతు గది అదిరేలా లేచింది. అది కోపం కాదు. భయం.

అత్తయ్య ఊపిరి కూడదీసుకోవడానికి కాసేపు పట్టింది. నేను వెళ్లి వీపు నిమురుతూ నిలబడ్డాను.

"బండి సప్పుడు ఇందామని తీస్త" అంది. "పొగ ఒస్తదని ఎరుకే. కొంచెమే గదా అనుకున్న, గింత జేస్తదనుకోలే. లారీ ఉన్నన్నాళ్లు పొద్దుగాల్ల గీ సప్పుడైందంటే నువ్వు పోతున్నవని. మళ్ల ఎప్పుడొస్తవో, వస్తవో రావో. ఇప్పుడు గుడ గట్లనే సప్పుడైతది. అయినంక కోడలు బండి తీస్కొని పోతది. బండి పోతది, నువ్వు ఉంటవ్. గేటేసుకొని, దగ్గుకుంట లోపలికొచ్చి, సాయ్ పెట్టుమంటవ్. గవన్ని ఇనాలె నాకు."

మావారు గోడ వైపు తిరిగిపోయారు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. నా పసుపు చేతి ముద్రలు అత్తయ్య జాకెట్టు నిండా అయ్యాయి.

మామయ్య మంచం మీద కూలబడ్డాడు. తల ఎత్తకుండానే, "అక్కకు ఫోన్ జెయ్యి. అమ్మ వస్తలేదని సెప్పు" అన్నాడు మావారితో. తర్వాత నా వైపు చూసి, "ఇగ నేను స్టార్ట్ జెయ్యనమ్మా. గేటు తీసి పెడ్త, నువ్వే తీస్కొని పో" అన్నాడు.

అత్తయ్య ఊపిరి మెల్లగా దారికొస్తోంది. ఆయన ఆమె చేతిలోంచి ఇన్‌హేలర్ తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాడు.

"లారీ ఉన్నప్పుడు గుడ గిట్లనే కిటికీ తీసి ఇంటుంటివానే?" అన్నాడు ఆఖరికి.

"లేదు" అంది అత్తయ్య. "అప్పుడు మూసుకుంటుంటి."